తర్వాతి సర్వీసు పడేలోపు

బాల్ బ్యాడ్మింటన్‌లో అంపైర్ ఉన్న రోజుల కంటే లేని రోజులే ఎక్కువ. గుడివాడలో మా కోర్టులో పదిహేనేళ్ళు ఆడాను. పోటీలకు వెళ్ళినప్పుడు తప్ప కుర్చీలో కూర్చుని విజిల్ ఊదే మనిషిని చూడలేదు. బంతి బ్యాట్ అంచుకు రాసుకుని బయట పడితే, రాసుకున్న సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆ బ్యాట్ పట్టుకున్నవాడికే. వాడే చెయ్యెత్తి "టచ్" అని పాయింటు వదులుకోవాలి. అదీ తర్వాతి సర్వీసు పడేలోపు. సర్వీసు పడిపోయాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఇంకో సంగతి, "నీకు తగిలింది" అని అవతలివాడు అనకూడదు. తగిలిందా అని అడగనూ కూడదు. అలా అడిగితే మనిషిని దొంగ అన్నట్టే లెక్క.

ఈ రెండూ ఏ రూల్సు పుస్తకంలోనైనా ఉన్నాయో లేదో నాకు తెలియదు. మా కోర్టుకు మాత్రం మాస్టారు పెట్టిన కట్టుబాట్లు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో, నల్లమట్టి ఎండాకాలం బీటలు తీస్తుందని ఎర్రమట్టి తోలించి, రోలరు లాగించి ఆ కోర్టు వేయించింది ఆయనే. అందుకని అక్కడ ఆయన మాటకు తిరుగు లేదు. వల కింద నుంచి దూరి అవతలికి వెళ్ళకూడదు, స్తంభం చుట్టూ తిరిగి వెళ్ళాలి. బంతిని విసిరెయ్యకూడదు, చేతికి అందేలా ఇవ్వాలి. ఎదుటివాడు సులువైన బంతి వదిలేస్తే నవ్వకూడదు. సర్వీసు చేసేవాడు బంతి ఎత్తాక దగ్గు వచ్చినా ఆపుకోవాలి. చెప్పులు గీతకు అవతలే విడవాలి. కొత్తగా వచ్చినవాడు నెల రోజులు బ్యాట్ ముట్టకూడదు. సాయంత్రం నాలుగింటికి వచ్చి నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి, పక్కన కూర్చుని బంతులు అందించాలి.

నేనూ అలా నెల రోజులు కూర్చున్నవాణ్ణే. అప్పటికి నాకు పాతికేళ్ళు. మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టుకుని రెండేళ్ళయింది. నీటి మోటార్లు కాలిపోయినప్పుడల్లా రైతులు నా చుట్టూ తిరిగేవాళ్ళు. అంతటివాణ్ణి బంతులేరడమేమిటని మొదటి వారమంతా మండిపోయింది. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. కానీ అలవాటు పడ్డాను. పడ్డాక ఆ కట్టుబాట్ల మీద మాస్టారి కంటే నాకే ఎక్కువ పట్టింపు వచ్చింది. అత్తా ఒకింటి కోడలే అంటారు. కోడలిగా పడ్డవన్నీ గుర్తుపెట్టుకుని అత్తయ్యాక తీర్చుకునే రకాన్ని నేను. కొత్త కుర్రాడెవరైనా వల కింద దూరితే మాస్టారు నోరు విప్పకముందే నేను కేక వేసేవాణ్ణి.

తొంభైల మధ్యకు వచ్చేసరికి కోర్టుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, పదిమంది ఉంటేనే నిండుగా ఆట. ఒకరికి బదిలీ అయింది, ఒకరికి మోకాళ్ళు పట్టేశాయి, ఒకరు ముదినేపల్లి వైపు చేపల చెరువులు తీసుకుని అక్కడే ఉండిపోయారు. కుర్రాళ్ళు యార్డు ముందు రోడ్డు మీద టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకునేవాళ్ళు. వాళ్ళ బంతి మా కోర్టులో పడితే ఒకడు భయంభయంగా వచ్చి, చెప్పులు విప్పి, బంతి తీసుకుని పరిగెత్తేవాడు. ఆట చూడటానికి ఒక్క నిమిషం కూడా ఆగేవాడు కాదు. "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ" అనుకునేవాళ్ళం మేం, గీత పక్కన వరసగా కూర్చుని.

అలాంటి రోజుల్లో పెడన కుర్రాడు వచ్చాడు, ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని. నలుగురూ గుడివాడలో డిగ్రీ చదువుతూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. పెడనలో వాళ్ళది కలంకారీ అద్దకం పని చేసే ఇల్లు. చెక్క అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో కొట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటైన చెయ్యి వాడిది. ఆ మణికట్టులో ఏముందో గానీ, వల దగ్గర నిలబడి బంతిని ఊరికే తాకించినట్టు కొడితే అది ఎక్కడ పడేదో మాకు అంతుపట్టేది కాదు. నెల రోజులూ గొణక్కుండా నీళ్ళు చల్లాడు. నన్ను "బాబాయ్" అని పిలిచేవాడు. వాళ్ళు నలుగురూ మేం ఆరుగురం కలిపి సరిగ్గా పదిమందిమయ్యాం. చాలాకాలానికి కోర్టు నిండింది.

మాస్టారు వాడికి తన బ్యాట్ ఇచ్చేశారు. పట్టు దగ్గర గుడ్డ చుట్టిన పాత బ్యాట్. అన్నేళ్ళలో ఆయన ఎవరికీ బ్యాట్ ఇవ్వగా చూడలేదు. నాకు కడుపు మండిన మాట నిజం.

ఆ ఏడే మాస్టారింట్లో కేబుల్ కనెక్షన్ వచ్చింది. ఒక ఆదివారం పొద్దున నేనూ పెడన కుర్రాడూ వెళ్ళేసరికి ఆయన టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని గోల్ఫ్ చూస్తున్నారు. పచ్చటి గడ్డి మీద ఒకాయన మెల్లగా నడుస్తున్నాడు, వెనక జనం గుళ్ళో ఉన్నంత నిశ్శబ్దంగా నడుస్తున్నారు.

"ఇదేం ఆటండీ మాస్టారూ, ఆడేదాని కంటే నడిచేదే ఎక్కువుంది" అన్నాడు పెడన కుర్రాడు.

"నవ్వకురా. ఇందులో ప్రతివాడి వెంటా అంపైర్ ఉండడు. ఎవరూ చూడనప్పుడు తన వల్ల బంతి కదిలినా ఆడేవాడే చెప్పుకుని, తన లెక్కలో ఒక దెబ్బ కలుపుకోవాలట. పేపర్లో చదివాను." ఎక్కడో దూరదేశంలో తెలియని చుట్టం దొరికినట్టు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మరి కుర్రాళ్ళెవరూ లేరేంటండీ? చూసేవాళ్ళంతా తాతయ్యలే."

"ఖరీదైన ఆట కదరా."

"ఖరీదొక్కటే కాదేమోనండీ. అంతసేపు నోరు మూసుకుని నిలబడాలంటే ఎవరొస్తారు? ఆట రాకముందే, ఎక్కడ తప్పు చేస్తామో, ఎవరేమంటారోనని భయమేస్తది."

మాస్టారు పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. వాడు మాట్లాడుతున్నది గోల్ఫ్ గురించి కాదని నాకు తెలుస్తూనే ఉంది.

ఏటా దివిసీమలో, మోపిదేవి దగ్గర ఒక ఊళ్ళో పోటీలు జరిగేవి. ఈసారి పెడన కుర్రాడు ఉన్నాడు కాబట్టి కప్పు మనదేనని అందరం గట్టిగా అనుకుంటున్నాం. పోటీలకు వారం ముందు, ఒక సాయంత్రం, మాలో మేమే రెండు జట్లుగా ఆడుతున్నాం. మాస్టారూ నేనూ ఒక వైపు, వాడు అవతలి వైపు వల దగ్గర. చివరి గేములో ఇరవై ఏడు దగ్గర రెండు జట్లూ సమానం. వాడు కొట్టిన బంతి మాస్టారి భుజం మీదుగా వెళ్ళింది. బయట పడుతుందని ఆయన బ్యాట్ పక్కకు తీసుకోబోయారు. తీసుకునేలోపే ఊలు బంతి చెక్క అంచుకు టిక్కుమని తగిలి, కొంచెం దారి మారి, గీత అవతల పడింది. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. చప్పుడు విన్నాను. బంతి దారి మారడం చూశాను.

"అవుట్" అన్నారు మాస్టారు, చాలా మామూలుగా.

ఆ మధ్య ఇలాంటివి మూడు నాలుగు జరిగాయి. మాస్టారు చెయ్యెత్తకపోవడం అందరం గమనిస్తూనే ఉన్నాం. అరవై దాటిన మనిషి, కోర్టు కట్టిన మనిషి, ఒక పాయింటు దగ్గర ఏం పోయిందిలే అనుకున్నాం. చూసీ చూడనట్టు ఊరుకోవడమే మర్యాద అనుకున్నాం.

"మాస్టారండీ, మీ బ్యాట్‌కి తగిలిందండీ" అన్నాడు పెడన కుర్రాడు. గొంతులో కోపం లేదు. చొక్కా వెనక మరక ఉందని చెప్పినట్టు చెప్పాడు.

మాస్టారు తన బ్యాట్ వంక చూసుకున్నారు. "తగిలిందా? నాకు తెలియ..." అని ఏదో అనబోయారు. ఆయన్ని ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు నేను. విసురుగా వల దగ్గరికి వెళ్ళిపోయాను.

"ఎవర్నిరా అడుగుతున్నావు? నువ్వు పుట్టకముందు నుంచి ఆడుతున్న మనిషిని దొంగంటావా? అచ్చులు కొట్టుకునే చేతికి బ్యాట్ ఇస్తే ఇలాగే ఉంటది!"

"నేను దొంగనలేదు బాబాయ్. తగిలిందన్నానంతే. మీరూ పక్కనే ఉన్నారు కదా."

అని నా ముఖంలోకి చూశాడు. అప్పటికింకా సర్వీసు పడలేదు. కింద పడ్డ బంతిని ఎవరో అందిస్తే తీసుకున్నాను, అది నా చేతిలోనే ఉంది.

"నాకేం వినపళ్ళేదు" అన్నాను.

వాడు మాస్టారిచ్చిన బ్యాట్‌ను వల స్తంభానికి ఆనించాడు. బయటికి దారి మా వైపు నుంచే. ఆ కోపంలో కూడా వల కింద దూరకుండా స్తంభం చుట్టూ తిరిగి వచ్చి, గీత దాటి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వాడి వెనకే మిగతా ముగ్గురూ వెళ్ళారు. "రేపొస్తారు లెండి" అన్నాను మాస్టారితో. ఆయన బ్యాట్ అంచును బొటనవేలితో తడుముతూ నిలబడ్డారు.

వాళ్ళు మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ ఏడు దివిసీమ పోటీలకు మేం వెళ్ళలేదు. ఆరుగురం కొన్నాళ్ళు ముగ్గురేసి చొప్పున ఆడాం. నీళ్ళు చల్లేవాళ్ళు లేక దుమ్ము లేచేది. సున్నం గీతలు నేనే గీసేవాణ్ణి, వంకర పోయేవి. కుర్రాళ్ళు ఎందుకు రావడం లేదని ఎవరడిగినా నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. క్రికెట్ పిచ్చి, కేబుల్ టీవీ, ట్యూషన్లు, ఒళ్ళు వంచని తరం. వరసగా అప్పజెప్పేవాణ్ణి. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఒక పొద్దున మాస్టారి భార్య కాఫీ ఇచ్చి లోపలికెళ్ళి, తిరిగొచ్చి చూస్తే ఆయన పేపరు చదువుకుంటూ స్టీలు గ్లాసును కుడిచేత్తో అలాగే పట్టుకుని కూర్చున్నారట. పొగలు కక్కుతున్న గ్లాసు. వేళ్ళు బొబ్బలెక్కుతున్నాయి, ఆయనకు తెలియడం లేదు. డాక్టరు కళ్ళు మూసుకోమని, సూదితో వేళ్ళ మీద పొడుస్తూ ఎక్కడ పొడిచానో చెప్పమంటే చెప్పలేకపోయారు. ఎప్పటి నుంచో ఉన్న షుగరు, మెల్లమెల్లగా నరాల్ని తినేసిందన్నాడు డాక్టరు. రెండేళ్ళో మూడేళ్ళో అయి ఉంటుందన్నాడు.

మర్నాడే మాస్టారు మా షాపుకొచ్చారు, చేతికి కట్టుతో. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏవోయ్, ఒకటి అడుగుతాను. ఆ పెడన వాడు తగిలిందన్న రోజున నువ్వు నా పక్కనే ఉన్నావు. తగిలిందా?"

"లేదండీ మాస్టారూ. ఇప్పుడవన్నీ ఎందుకండీ?"

ఆయన కట్టు కట్టిన చేతిని నా బల్ల మీద, రాగితీగ చుట్టల మధ్య పెట్టారు. "ఈ వేళ్ళకి కాలే గ్లాసే తెలియలేదు. ఊలు బంతి ఏం తెలుస్తుంది? నిజం చెప్పు."

"తగిలిందండీ" అన్నాను.

"ఎంతమంది చూశారు?"

"అందరం చూశామండీ."

"అదొక్కసారేనా?"

నేను తల దించుకున్నాను.

"అంటే ఎన్నాళ్ళ నుంచి మీరంతా నాకు పాయింట్లు దానం చేస్తున్నారోయ్?"

కళ్ళు తుడుచుకోవడానికి అలవాటుగా కుడి చెయ్యి ఎత్తి, కట్టు అడ్డమొచ్చి, ఎడమ చేత్తో తుడుచుకున్నారు. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. ఆయన పరువు కాపాడానని ఏడాదిన్నరగా లోలోపల గర్వపడుతూ ఉన్నాను. నిజానికి ఆ కోర్టులో తన తప్పు చెప్పుకోని ఒకే ఒక్క మనిషిగా ఆయన్ని నిలబెట్టాం, అదీ ఆయనకు తెలియకుండా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నేను వినపడలేదని అన్న మాట ఆయన చెవిన కూడా పడింది. దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. లేచి నిలబడి, "రేపు పెడన వెళ్దాం. నువ్వూ రా" అన్నారు.

బందరు ప్యాసింజరులో వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చుని ఆయన దారి పొడుగునా చేలు చూస్తూనే ఉన్నారు. పెడనలో దిగి నలుగుర్నీ అడిగి వాళ్ళ షెడ్డు కనుక్కున్నాం. పొడవాటి బల్లలు, వాటి మీద పరిచిన తెల్లగుడ్డ, నల్లరంగు కోసం ఊరబెట్టిన బెల్లం పులుపు వాసన. పెడన కుర్రాడు వాళ్ళ నాన్న పక్కన నిలబడి అచ్చు వేస్తున్నాడు. రంగులో అద్దడం, గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో ఒక్క గుద్దు. డిగ్రీ పూర్తయ్యాక ఇంటి పనిలోకే వచ్చేశాడట. మమ్మల్ని చూసి అచ్చు పక్కన పెట్టాడు.

మాస్టారు పలకరింపులేవీ పెట్టుకోలేదు. బల్లకు ఇవతల, కోర్టులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, కట్టుతో ఉన్న కుడి చెయ్యి ఎత్తారు.

"టచ్. ఆ రోజు బంతి నా బ్యాట్‌కి తగిలిందిరా. పాయింటు నీది. సర్వీసు ఎప్పుడో పడిపోయిందనుకో, అయినా చెప్పాలి కదా. ఈ వేళ్ళకి స్పర్శ పోయిందని నాకు నిన్ననే... మొన్ననే తెలిసింది."

షెడ్డులో గుద్దుల చప్పుడు ఆగిపోయింది. వాడు గబగబా బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. రంగు చేతులు ఆయనకు అంటుతాయని, మోచేతులతో ఆయన చేతిని మెల్లగా కిందికి దించాడు.

"మీకు తెలియలేదని నాకు అప్పుడే అనిపించిందండీ. తెలిస్తే మీరే చెయ్యెత్తేవారు కదండీ. మీరు కాబట్టి చెప్పాను. ఇంకొకరైతే నోరెత్తేవాణ్ణి కాదు."

"మరి రావడం ఎందుకు మానేశావురా?"

వాడు నా వంక చూశాడు. మాస్టారు కూడా నా వంక తిరిగారు. ఇద్దరూ ఊరికే చూస్తూ నిలబడ్డారు.

నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. విన్నాను, వినలేదని అబద్ధమాడాను. నీ చేతి పనిని అన్న మాట తప్పు. గొంతు దాకా వచ్చాయి. వాళ్ళ నాన్న ఉన్నాడు, పనివాళ్ళు ఉన్నారు, అందరి చేతుల్లోనూ అచ్చులున్నాయి. అచ్చులు కొట్టుకునే చెయ్యి అన్న మాట వాళ్ళందరి ముందూ మళ్ళీ పలకాలి. మోటార్ల షాపు యజమానిని, నలుగురిలో పెద్దమనిషిని. గడియారం చూసుకున్నాను.

"రైలు టైమైందండీ మాస్టారూ" అన్నాను.

తిరుగు రైలు గుడ్లవల్లేరు దాటాక, కిటికీలోంచి చూస్తూనే, "నాకు చెప్పొచ్చని వాడొక్కడే అనుకున్నాడోయ్" అన్నారు. ఇంకేదైనా అంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఆయన బ్యాట్ పట్టలేదు. సాయంత్రాలు వచ్చి కాసేపు గీత పక్కన కూర్చుని వెళ్ళేవారు. రెండేళ్ళకు ఆ స్థలాన్ని ప్లాట్లు చేశారు. ఎర్రమట్టి మీద కొట్లు లేచాయి. ఇంకో ఏడాదికి మాస్టారు పోయారు. దినకార్యాలన్నీ అయ్యాక ఆయన భార్య నన్ను పిలిచి, గుడ్డ చుట్టిన ఆ పాత బ్యాట్ చేతిలో పెట్టారు. "ఇది పెడన అబ్బాయిదటండీ. మీ చేత్తోనే ఇప్పించమన్నారు" అన్నారు.

మళ్ళీ అదే ప్యాసింజరు ఎక్కాను, ఈసారి ఒక్కణ్ణే. షెడ్డు అలాగే ఉంది. వాళ్ళ నాన్న అప్పటికి పని మానేసినట్టున్నాడు, అతను లేడు. వాడికి పెళ్ళయింది, కాస్త ఒళ్ళు చేశాడు. బ్యాట్ ఇచ్చి, మాస్టారి కబురు చెప్పాను. వాడు బ్యాట్ పట్టును కాసేపు నిమిరాడు.

"ఆ రోజు నేను విన్నాను" అన్నాను. "వినపళ్ళేదని అబద్ధమాడాను. నీ చేతి పని గురించి అన్న మాట కూడా తప్పే." పనివాళ్ళు తలెత్తి చూశారు. అలవాటు కొద్దీ నా కుడి చెయ్యి పైకి లేచి ఉంది.

వాడు ఆశ్చర్యపోలేదు. కోప్పడనూ లేదు.

"తెలుసండీ. కిందటిసారి ఆ మాట మీరంటారని మాస్టారు ఎంతసేపు చూశారండీ. అందుకే మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చారు ఆయన. మీరేమో రైలు టైమైందన్నారు."

బాబాయ్ అనలేదు. నేను చెయ్యి దించేశాను. వాడు బ్యాట్‌ను గోడకు ఆనించి, చేతులు గుడ్డకు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఎండన పడి వచ్చారు, దాహంగా ఉంటుందండీ అంటూ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, నా చేతికి అందేలా పట్టుకుని నిలబడ్డాడు.